ముప్పై అంకెల ప్రార్థన

నాకు నోరెక్కువ. ఊరంతా ఒప్పుకునే సంగతే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. జాకెట్టు కొలతకొచ్చిన మనిషి "కొంచెం వదులుగా కుట్టక్కా" అంటే "నువ్వు కొంచెం తగ్గు, అదే వదులవుద్ది" అనే రకాన్ని. ముప్పై ఏళ్ళుగా ఆ నోటితోనే కుట్టుమిషన్ నడుపుకుంటూ, ఆ నోటితోనే మా చర్చిలో స్త్రీల కూడిక కూడా నడిపాను. అలాంటి నోరు ఒక్క మాట చెప్పాల్సిన చోట ఆరు నెలలు తెరుచుకోలేదు.

మా ఊరు కృష్ణపట్నం పోయే రోడ్డు మీద ఉంటుంది. మా ఆయన పోర్టులో పనిచేస్తాడు. తెల్లవారి ఆరింటికి కంపెనీ బస్సు మలుపు దగ్గరికొస్తుంది. ఆ బస్సుకి ఆయన్ని పంపి, గుడ్డ బల్ల మీద పరిచి కత్తెర పట్టుకోవడంతో నా రోజు మొదలయ్యేది. రెండేళ్ళ కిందట అలా నిలబడి కత్తిరిస్తుంటేనే మొదటిసారి నొప్పి వచ్చింది. తుంటి దగ్గర మొదలై, తొడ వెనకగా దిగి, పిక్క పక్క నుంచి చిటికెన వేలి దాకా జివ్వుమని కరెంటు పాకినట్టు పాకింది. బల్ల పట్టుకుని వంగిపోయాను. వంగితే తగ్గింది. లేచి నిలబడితే మళ్ళీ వచ్చింది. కొన్నాళ్ళకి చర్చి దాకా నడవడమే గగనమైపోయింది. మధ్యలో మూడు అరుగుల మీద కూర్చుని, ఎవరైనా అడిగితే పలకరించడానికి కూర్చున్నానని చెప్పేదాన్ని.

నెల్లూరులో స్కాన్ తీసి, వెన్నులో నరం దిగే దారి ఇరుకైపోయిందన్నారు. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, ముందు వ్యాయామం చేసి చూద్దామని డాక్టరు కింది అంతస్తుకి పంపారు. అక్కడ ఉన్న ఫిజియోథెరపీ అమ్మాయికి నా కూతురంత వయసు ఉంటుందేమో. నేలమీద చాప పరిచి నన్ను పడుకోబెట్టి, ఒక మోకాలు రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పొట్ట మీదికి తెచ్చుకోమంది. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి కాలు చాపించి, పాదాన్ని పైకీ కిందికీ ఆడించమంది. ఇక మూడోదానికి మోకాళ్ళ మీద కూర్చుని, మడమల మీదికి వాలి, చేతులు ముందుకి చాపి, నుదురు నేలకి ఆనించాలి. అలాగే ఉండి ముప్పై దాకా లెక్కపెట్టాలి. లేచి కాసేపు ఊపిరి పీల్చుకుని మళ్ళీ చేయాలి. ఇలా అయిదు సార్లు.

నేను పళ్ళు బిగబట్టి చేస్తుంటే ఆ అమ్మాయి నా వీపు మీద చేయి వేసింది. "ఓర్చుకోని చేసేది కాదమ్మా ఇది. హాయిగా ఉన్నంత దూరమే పోవాల. నొప్పి కాల్లోకి దిగతా ఉంటే ఆపెయ్యండి. కాల్లోంచి నడుంలోకి వస్తా ఉంటే మంచిదే" అంది.

నా జన్మలో ఎవరూ నాకు ఓర్చుకోవద్దని చెప్పలేదు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

వచ్చేసేటప్పుడు ఇంకో రెండు మాటలు చెప్పింది. ఆ రెండూ ఇప్పటికీ నాకు పొల్లు పోకుండా గుర్తున్నాయి. "ఇది మీ నడుముకి చెప్పింది. నడుం నొప్పని ఇంకెవురన్నా అడిగితే నేర్పించబాకండి. కొందరికి ముందుకి వంగితే ఇంకా ఎక్కువైపోద్ది. ఇంకోటి, నడస్తా ఉంటే చెప్పు జారిపోయినా తెలీకపోతే ఆ రోజే రావాల. రేపొస్తాననబాకండి."

సరేనని తల ఊపి, దారిలో చాప కొనుక్కుని ఇంటికొచ్చాను. వచ్చాక ఆ చాప ఎక్కడ పరవాలా అన్నది పెద్ద సమస్యయింది. అది చెప్పాలంటే అయిదారేళ్ళు వెనక్కి పోవాలి.

మా కూడికకి వచ్చేవాళ్ళలో రొయ్యల కంపెనీలో పనిచేసే ఒకామె ఉంది. నాకంటే పదేళ్ళు చిన్నది. పొద్దున వ్యాను వచ్చి తీసుకుపోతుంది, సాయంత్రం దించుతుంది. ఆ మధ్యలో అంతా తడి నేల మీద నిలబడి, ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు తీయడమే. ఒకసారి కూడికలో ఆమె, నడుం పట్టేస్తోందని, ఫోనులో ఎవరో చూపించిన ఆసనాలు వేస్తుంటే కాస్త నయంగా ఉందని అమాయకంగా చెప్పింది. నేను అక్కడే అందుకున్నాను. "మనకి మోకాళ్ళుండంగా ఆసనాలెందుకమ్మే? మోకాళ్ళ మీద ఒక గంటుంటే ఏ నడుం లేచి నిలబడదో నేనూ చూస్తా" అన్నాను. ఇరవై మంది ఆమెన్ అన్నారు. ఆమె తల వంచుకుని, ఇక వేయనక్కా అంది. ఆ సాయంత్రం నేను ఎంత బాగా మాట్లాడానో మా ఆయనకి చెప్పుకున్నాను కూడా. ఆయన అన్నం తింటూ, "దానికి నొప్పి తగ్గతా ఉండాదంటే నీకేం నొప్పి?" అన్నాడు. ఆ మాట నేను చెవిన వేసుకోలేదు.

అలాంటి మాటలన్న మనిషికి ఇప్పుడు చాప పరుచుకుని కాళ్ళు పైకెత్తుకోవాల్సి వచ్చింది. చూస్తే ఏమంటారు? అందుకని తెల్లవారి అయిదింటికి గదిలో తలుపు వేసుకున్నాను. మంచం మీద పాటల పుస్తకం తెరిచిపెట్టాను. ఎవరికోసం పెట్టానో నాకే తెలుసు.

ఒక పొద్దున పాస్టరు గారి భార్య మొదటి బస్సుకి పోతూ, ఫాల్ కుట్టడానికిచ్చిన చీర కోసం వచ్చారు. మేమంతా ఆమెని అమ్మగారంటాం. లోపలుందని, తలుపు వేసుకుందని మా ఆయన చెప్పాడట. పక్క కిటికీ రెక్క ఒకటి సరిగ్గా పడదు. అమ్మగారు అటుగా వచ్చి, నేను మోకాళ్ళ మీద ఉండి నుదురు నేలకి ఆనించి ఉండటం చూశారు. మంచం మీద పుస్తకం కూడా చూశారు. చప్పుడు చేయకుండా వెనక్కి పోయారు.

శుక్రవారం కూడికలో ఆమె లేచి, మన మధ్య ఒక ప్రార్థనాపరురాలుందని, తెల్లవారకముందే సాగిలపడి ఉంటుందని, ఇన్నాళ్ళూ చెప్పుకోలేదంటే అదెంత తగ్గింపో, ఎంత వినయమో చూడండని అన్నారు. ఇరవై తలలు నా వైపు తిరిగాయి.

కాదమ్మగారూ, అది నడుం నొప్పికి. నాలుగంటే నాలుగు మాటలు. హుక్కు కుట్టినంత సేపు కూడా పట్టదు. అవి మింగేసి తల దించుకున్నాను. అదీ తగ్గింపులాగే కనిపించింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. సిగ్గుపడ్డానన్నది నిజమే. కానీ ఆ సిగ్గు అడుగున నాకు బాగుంది. నోరున్న మనిషని భయపడేవాళ్ళే కానీ, నన్ను అంతవరకు ఎవరూ గౌరవంగా చూడలేదు. ఆ వారం నుంచి గొంతు తగ్గించి, "అక్కా, తెల్లవారి మోకరించినప్పుడు మా పిల్ల పరీక్ష గురించి ఒక మాట" అనడం మొదలుపెట్టారు. నేను వాళ్ళ మనవులు కొలతల పుస్తకంలో వెనక పేజీల నుంచి రాసుకున్నాను. నడుము, చుట్టుకొలత, భుజం ఒకవైపు. జ్వరాలు, పెళ్ళిళ్ళు, కోర్టు వాయిదాలు ఇంకోవైపు. రాత్రి అన్నానికి ముందు అందరినీ దీవించు ప్రభువా అని ఒక్క ముక్కలో కానిచ్చేసేదాన్ని. పొద్దున మాత్రం లెక్కే. ఒకటి, రెండు, మూడు. ముప్పై దాకా.

రెండు నెలలకి నొప్పి బాగా తగ్గింది. తగ్గిందంటే పోయిందని కాదు. పావుగంట కత్తిరిస్తే అయిదు నిమిషాలు కూర్చోవాలి. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోవాలి. వాన పడేముందు తుంటి నాకంటే ముందు చెప్పేస్తుంది. అయినా చర్చి దాకా ఒక్క అరుగు మీదా కూర్చోకుండా నడిచాను. నెల మొదటి ఆదివారం, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ అమ్మగారు నన్ను లేపారు. "నడవలేని దాన్ని ప్రభువు నడిపించినాడు" అన్నాను. అది నేను నమ్మే మాటే, ఇప్పుడూ నమ్ముతాను. కానీ ఆ నడిపించిన దారిలో ఒక స్కానూ, ఒక డాక్టరూ, నా వీపు మీద చేయి వేసిన ఒక అమ్మాయీ ఉన్నారు. వాళ్ళ మాట నేను ఎత్తలేదు.

ఆరాధన అయ్యాక రొయ్యల కంపెనీ ఆమె మెట్ల దగ్గర నన్ను పట్టుకుంది. తనకీ ఈమధ్య నొప్పి నడుం దాటి కాల్లోకి దిగుతోందట.

"ఎంతసేపుంటావక్కా మోకాళ్ళ మీద?"

"గంట" అన్నాను. పాతిక నిమిషాలు కూడా ఉండను. అందులో సగం వెల్లకిలా పడుకుని చేసేవే.

"తల నేలకి ఆనించేనా?"

"ఆనించే."

"నా కాలు గురించి కూడా రాసుకోక్కా" అని నా చేయి రెండు చేతులతో నొక్కి వెళ్ళిపోయింది. ఎవరికీ నేర్పించవద్దని ఆ అమ్మాయి చెప్పిన మాట నాకు అప్పుడు గుర్తురాలేదంటే అబద్ధం. వచ్చింది. నేను నేర్పలేదు కదా, అడిగిందానికి చెప్పాను కదా అని సర్దిచెప్పుకున్నాను.

తర్వాత మూడు నాలుగు నెలలు ఆమె కూడికకి వస్తూనే ఉంది. ఒక పక్కకి ఒరిగి కూర్చునేది. ఎట్టుండావమ్మే అంటే బాగుండానక్కా అనేది. నేను కూడా అంతకుమించి తవ్వలేదు. తవ్వితే ఏం బయటికొస్తుందో నాకు లోపల తెలుసు.

ఒక శనివారం ఆమెకి సెలవు. పొద్దున పది గంటలప్పుడు జాకెట్టు గుడ్డ పట్టుకుని మా ఇంటికొచ్చింది. నేను మిషన్ మీద నుంచి తల ఎత్తి చూశాను. ఎడమ కాలికి చెప్పుంది. కుడి కాలు ఉత్తిది, బురద అంటి ఉంది.

"చెప్పేదమ్మే?"

ఆమె కిందికి చూసుకుంది. నవ్వింది. "యాడో పడిపోయినట్టుండాదక్కా. తెలీనే లేదు."

నేను బయటికి వెళ్ళి వెతికాను. చెప్పు మా సందు మొదట్లో కుళాయి దగ్గర పడి ఉంది. అక్కడి నుంచి మా ఇంటికి వంద అడుగుల పైనే. దారంతా కంకర. అంత దూరం ఉత్తి కాలితో కంకర మీద నడిచినా ఆమెకి తెలియలేదు. ఆ రోజే రావాలన్న మాట గుర్తొచ్చి, ఆ చెప్పు పట్టుకుని గబగబా వెనక్కి నడిచాను.

ఇంట్లోకొచ్చి, పాదం పైకెత్తమన్నాను. ఆమె ప్రయత్నించింది. వేళ్ళు కొంచెం కదిలాయి, పాదం లేవలేదు.

"పద, నెల్లూరు పోదాం. ఇప్పుడే."

"ఎందుకక్కా అంత తొందర? నువ్వు ఆస్పత్రికి పోకుండానే బాగు చేసుకున్నావు గదా. నా విశ్వాసమే చాల్లేదేమోనని నెల నుంచి ఇంకో అరగంట పెంచినాను. తల నేలకి పెడితే కాలు లాగి పారేస్తుండాది, అయినా లేవలేదక్కా నేను. నువ్వు చెప్పినట్టే ఉండాను."

ఆ క్షణమే చెప్పేయాలి. ఆమె కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. నేనేం చేశానో తెలుసా? "బస్సు తప్పిపోద్ది, నడువు" అన్నాను. బస్సులో పక్కనే కూర్చుని గంటసేపు ప్రయాణం చేశాను. కిటికీ అవతల వరి మళ్ళు పోతున్నాయి, కరెంటు ప్లాంటు బూడిద లారీలు పోతున్నాయి. ఇప్పుడు చెబుతాను, ఆ వంతెన దాటాక చెబుతాను, ఊళ్ళోకి దిగాక చెబుతాను అనుకుంటూనే నెల్లూరు వచ్చేసింది.

డాక్టరు చూసి వెంటనే స్కాన్ రాశారు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కు బయటికి జరిగి నరం మీద కూర్చుందన్నారు. సోమవారం వచ్చి చేరాలని, ఆపరేషన్ ఆలస్యం చేస్తే పాదం అలాగే ఉండిపోవచ్చని చెప్పారు. అప్పటిదాకా ఎలా పడుకోవాలో, ఎలా లేవాలో నేర్చుకోమని కింది అంతస్తుకి పంపారు. ఎక్కడికి పంపుతారో తెలిసి కూడా నేను వెంట దిగాను.

ఆ అమ్మాయి నన్ను చూడగానే గుర్తుపట్టింది. "ఏమ్మా, బాగా నడస్తా ఉండారే! ఇంట్లో వ్యాయామం మానలేదు గదా? పొద్దున్నే ఆ మోకాళ్ళ మీద వంగేది, ముప్పై అంకెలు?"

ఆ అమ్మాయి ఆమె వైపు తిరిగి కాగితాలు చూసి, "మీరు మాత్రం ముందుకి వంగేది ఏదీ చేయబాకండి. బరువెత్తబాకండి, నేల మీద కూర్చోబాకండి. ఈమధ్య అట్టాంటిదేమన్నా చేసినారా?" అని అడిగింది.

ఆమె నా వైపు చూసింది. ఆమె తెలివిలేనిది కాదు. ఒక్కసారి చూసి, తల తిప్పుకుని, "ఇంటిపన్లమ్మా" అంది. అక్కడ కూడా నన్ను కాపాడింది. చెప్పుతో కొట్టినా అంత అవమానం అనిపించేది కాదు.

తిరుగు బస్సులో నేను మాట్లాడబోతే చేయి అడ్డం పెట్టింది. కోపంతో కాదు, ఆమె ఏదో లెక్క చూసుకుంటున్నట్టుంది. చివరికి తనే అడిగింది.

"అయితే అది ప్రార్థన కాదాక్కా?"

"కాదు."

"నొప్పి కోసం చేసేది."

"అవును. ముందే చెప్పాల్సింది. నీ మీద అరిచిన నోరు గదా, దాంతోనే ఇది చెప్పలేకపోయినాను."

ఆమె ఒళ్ళో ఉన్న స్కాన్ కవరు అంచు సరిచేసుకుంది. "నా కాలు గురించి రాసుకున్నావు గదా, ఆ కొలతల బుక్కులో. అంత సేపు వంగి ఉంటివే, ఒక్క రోజన్నా నాకోసం అడిగినావా?"

ఇక అబద్ధం ఆడే ఓపిక లేదు నాకు. "లేదమ్మే. ముప్పై దాకా లెక్కపెట్టుకునేదాన్ని."

ఆమె కిటికీ వైపు తిరిగింది. అటే చూస్తూ నెమ్మదిగా అంది. "నేను నీకోసం కూడా అడిగినానక్కా. దినామూ. అంత కష్టపడి బాగు చేసుకునింది, ఆమె కాలు మళ్ళీ చెడిపోకూడదని."

ఊరొచ్చింది. దిగేటప్పుడు నా భుజం పట్టుకోమన్నాను. ఆమె బస్సు కడ్డీ పట్టుకుని దిగింది.

సోమవారం ఆపరేషన్‌కి చేరింది. నేనూ వెళ్ళాను. ఆమె అక్క, భర్త ఉన్నారు, నాకు చేయాల్సిన పనేం లేదు. అయినా వరండాలో కూర్చున్నాను. నొప్పి వచ్చి కాసేపటికోసారి కుర్చీలోనే ముందుకి వంగి తుంటి సర్దుకుంటుంటే ఒకావిడ, ఏడవబాకమ్మా, బాగైపోద్దిలే అని ఓదార్చింది. అప్పుడు కూడా నేను వంగింది నా నొప్పికే.

తర్వాతి శుక్రవారం కూడికలో లేచి అంతా చెప్పాను. చాప, కిటికీ, పాటల పుస్తకం, గంట అని చెప్పిన పాతిక నిమిషాలు. ఆసనాల గురించి నేను ఆమెని అన్న మాట కూడా మళ్ళీ అదే చోట నిలబడి చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. అమ్మగారు లేచి, ఇంత ధైర్యంగా ఒప్పుకోవడం ఎందరికి చేతనవుతుందని మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "పొగడబాకండమ్మగారూ, మీకు దండం పెడతా, ఇంకోసారి పొగడబాకండి" అని అరిచేశాను. నాకు నోరెక్కువని మొదటే చెప్పాను కదా.

ఇప్పుడు చర్చిలో అందరూ మోకరించినప్పుడు వెనక వరసలో రెండు కుర్చీలుంటాయి. ఒకటి ఆమెది, ఒకటి నాది. రొయ్యల కంపెనీలో ఇప్పుడు ఆమెకి కూర్చుని తూకం వేసే పనిచ్చారు. ఫిజియోథెరపీ అమ్మాయి ఆమెకి వేరే వ్యాయామాలు చెప్పింది. నా దాంట్లో ఒక్కటీ ఆమె దాంట్లో లేదు. నాతో మాట్లాడుతుంది. జాకెట్లు కుట్టించుకుంటుంది. తన మనవులు మాత్రం నాకు చెప్పదు. పొద్దున అయిదింటికి నేను తలుపు తీసిపెట్టే చాప పరుచుకుంటున్నాను. ముందు ఆమె కోసం ఒక మాట అడుగుతాను, తర్వాత లెక్క. అడిగే హక్కు నాకుందో లేదో తెలియదు.

ఆమె పాదం చాలా వరకు తిరిగొచ్చింది. బొటనవేలు మాత్రం ఇంకా తేలిగ్గా లేవదు. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుని మెట్లు దిగుతుంది. నాలుగడుగులు వేసి ఆగి, చెప్పు ఉందా అని కిందికి చూసుకుంటుంది. ప్రతి ఆదివారమూ ఆమెకంటే ముందు నేను చూస్తాను.